వదలాల్సిన జాగా

ఇల్లు కట్టుకునేవాడు తన స్థలంలో కొంత కట్టకుండా వదలాలి అంటుంది చట్టం. డబ్బు పోసి కొన్న జాగా అది. గజాలతో సహా రిజిస్ట్రేషన్ కాయితంలోకి ఎక్కిన జాగా. అయినా సరే ముందు ఇంత, పక్కల ఇంత, వెనక ఇంత ఖాళీగా ఉంచాలి. మునిసిపాలిటీ భాషలో దీన్ని సెట్‌బ్యాక్ అంటారు. జనం నోట్లో నలిగిన తెలుగు మాట దీనికి నాకు కనిపించలేదు. కడపలోనో కర్నూల్లోనో ఇల్లు కట్టించినవాళ్ళు "వదిలేది" అంటారు, అంతే. "ఎంత వదిల్నావు?" "యాడ వదిలేది బ్బా, ఉండేదే మూడు సెంట్లు." ఈ రెండు వాక్యాల మధ్య ఒక నైతిక ప్రశ్న ఉంది. నాది అనుకున్న దాంట్లో నాది కానిది ఎంత? ఎవరి కోసం వదలాలి?

ముందు లెక్క చూద్దాం. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన 168 నంబరు జీవోలో ఒక పట్టిక ఉంది. స్థలం సైజు, ముందున్న రోడ్డు వెడల్పు, కట్టబోయే ఎత్తు, ఈ మూడింటిని బట్టి ఎంత వదలాలో అందులో చెబుతారు. వంద నుంచి రెండొందల చదరపు మీటర్ల స్థలంలో, మామూలు వీధిలో, పది మీటర్ల ఎత్తు లోపు ఇంటికి ముందు ఒకటిన్నర మీటరు, మిగతా వైపులా ఒక్కో మీటరు. 2017లో 119 నంబరు జీవోతో ఆంధ్రప్రదేశ్ తన భవన నియమాలు తాను రాసుకుంది. చట్రం మాత్రం పాతదే.

ఒక మీటరంటే ఒక మనిషి చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత సందు. అందులో ఏం పడుతుంది? మోరీ పైపు, ఏసీ డబ్బా, పగిలిన బకెట్టు, ఎప్పుడో మిగిలిపోయిన నాలుగు కడప బండలు. అలా చూస్తే అది దండగ జాగానే. కానీ ఆ మీటరు విలువ దాని లోపల లేదు. నా గోడకీ పక్కింటి గోడకీ మధ్య నేనొక మీటరు, ఆయనొక మీటరు వదిలితే రెండు మీటర్లవుతుంది. అప్పుడే కిటికీ కిటికీ అవుతుంది. నేనొక్కణ్ణే వదిలి ఆయన వదలకపోతే? నా జాగా పోయింది, ఆయన గోడకి నేను గాలి దానం చేసినట్టయింది. ఇద్దరం వదలకపోతే గోడకి గోడ ఆనుకుంటుంది, ఇద్దరి ఇళ్ళల్లోనూ పట్టపగలు లైటు వేసుకోవాలి. ఇంజనీరింగులో గేమ్ థియరీ పాఠం చదివినవాళ్ళకి ఈ కథ ముగింపు తెలుసు. పక్కవాడి మీద నమ్మకం లేని చోట తెలివైనవాడు వదలడు. అందరూ తెలివైనవాళ్ళే కాబట్టి వీధి మొత్తం చీకటవుతుంది. చట్టం ఇక్కడ చేయాల్సిన పని ఆ నమ్మకానికి బదులుగా నిలబడటం. నువ్వు వదులు, ఆయన చేత నేను వదిలిస్తాను అనడం.

అది ఆ పని చేయడం లేదని వీధుల్లో నడిస్తే తెలుస్తుంది. పాత ఊళ్ళ సంగతి కాదు నేననేది. ఏ నియమమూ పుట్టక ముందు కట్టిన సందులవి. ప్లాను అప్రూవల్‌తో కట్టిన కొత్త కాలనీల గురించే అంటున్నాను. ప్లానులో ఖాళీగా కనిపించే చోట మెట్లుంటాయి, మెట్ల కింద బాత్రూం ఉంటుంది. ముందు వదలాల్సిన ఒకటిన్నర మీటరులో షెడ్డు లేస్తుంది. బండి ఎక్కడానికి కట్టిన ర్యాంపు మోరీ దాటి రోడ్డు మీదికి వస్తుంది. అంటే వదలాల్సింది వదలకపోగా అవతల వీధి జాగా కూడా కొంత తీసుకున్నాం.

మనం నియమాలు పాటించని జాతి అని ఒక మాట తేలిగ్గా అనేస్తుంటారు. నాకది ఒప్పుదల కాదు. ఇదే వీధుల్లో ఒక నియమాన్ని అందరూ పాటిస్తారు, దానికి ఇన్‌స్పెక్టరు అవసరం లేదు. వాస్తు. ఈశాన్యం ఖాళీగా ఉంచమంటే ఉంచుతారు. తూర్పు, ఉత్తరాల్లో ఎక్కువ వదిలి, పడమర, దక్షిణాల్లో తక్కువ వదలమంటే అంగుళాలతో కొలిచి మరీ వదులుతారు. కట్టిన గోడ పడగొట్టి మళ్ళీ కట్టినవాళ్ళు నాకు తెలుసు. టౌన్ ప్లానింగ్ వాళ్ళు అడిగితే ఇవ్వని మూడడుగులు వాస్తు సిద్ధాంతి అడిగితే ఇచ్చేస్తాం. ఎందుకు? వాస్తు నీ గురించి మాట్లాడుతుంది. వదిలితే నీకు మేలు, వదలకపోతే నీ పిల్లలకి కీడు. సెట్‌బ్యాక్ పక్కింటాయన గురించి మాట్లాడుతుంది. భయానికి ఉన్న అమలు యంత్రాంగం బాధ్యతకి లేదు.

ఇక్కడొక తమాషా ఉంది. వీధిలో అందరూ వాస్తు ప్రకారం తూర్పున ఎక్కువ వదిలి పడమటి గోడ హద్దు మీదికి జరిపి కట్టారనుకోండి. అప్పుడు ప్రతి రెండిళ్ళ మధ్యా ఒక సందు తప్పనిసరిగా ఉంటుంది. నా తూర్పు కిటికీ నేను వదిలిన సందులోకి తెరుచుకుంటుంది, పక్కాయన తన పడమటి గోడని హద్దు దాకా తెచ్చుకున్నా నాకొచ్చే నష్టం తక్కువ. అంటే ఎవరినీ నమ్మక్కర్లేని ఏర్పాటు. నాకు వాస్తు మీద నమ్మకం లేదు. కానీ మేం ఆఫీసులో గంటల తరబడి కూర్చుని రాసుకునే ప్రోటోకాల్స్ కన్నా ఇది మెరుగ్గా పనిచేస్తోందని ఒప్పుకోక తప్పదు.

ఇక అతిక్రమణకి ప్రభుత్వం కనిపెట్టిన మందు సంగతి. 2007 చివర్లో బీపీఎస్ వచ్చింది, 2015లో మళ్ళీ వచ్చింది, 2019లో మళ్ళీ వచ్చింది. ప్లానుకి విరుద్ధంగా కట్టినదానికి ఇంత అని డబ్బు కడితే సక్రమమైపోతుంది. ఇంగ్లీషులో దాని పేరు బిల్డింగ్ పీనలైజేషన్ స్కీమ్, అంటే శిక్ష. తెలుగు పేపర్లలో దాని పేరు భవనాల క్రమబద్ధీకరణ. ఒకే పథకం ఒక భాషలో శిక్ష, ఇంకో భాషలో దీవెన. జనం అర్థం చేసుకున్నది తెలుగు పేరునే.

ఇజ్రాయెల్‌లోని హైఫాలో కొన్ని పిల్లల డేకేర్ సెంటర్లలో నీజీ, రుస్టికీనీ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు చేసిన ప్రయోగం ఒకటుంది, 2000లో అచ్చయింది. సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్ళడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకి జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గలేదు, పెరిగాయి. అంతకుముందు టీచరమ్మ కూర్చుని ఉంటుందే అన్న మొహమాటం ఉండేది. జరిమానా వచ్చాక అది సేవకి కట్టే ధర అయిపోయింది. జరిమానా ఎత్తేశాక కూడా ఆలస్యాలు వెనక్కి రాలేదు, పోయిన మొహమాటం పోయిందే. బీపీఎస్ మన వీధులకి చేసింది ఇదేనని నా అనుమానం. కానీ నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది వేరే. ఆ డబ్బు మునిసిపాలిటీకి వెళ్తుంది. కిటికీ మూసుకుపోయింది పక్కింట్లో. నేను ఆయన గాలి తీసుకుని, దాని ఖరీదు మూడో మనిషికి కట్టి, రసీదు తెచ్చి ఆయనకి చూపిస్తున్నాను. ఏ ధర్మశాస్త్రం ప్రకారం ఇది తీరిన బాకీ?

ఇంతవరకూ చెప్పింది మూడు సెంట్లు, ఐదు సెంట్లు ఉన్నవాళ్ళ గొడవ. పట్టికలో అన్నిటికన్నా పైన ఉండే గడి చూస్తే కథ మారుతుంది. యాభై చదరపు మీటర్ల లోపు స్థలానికి ముందు తప్ప పక్కల వదలాల్సింది సున్నా.

సెంటు అంటే 48.4 గజాలు, అంటే దాదాపు 40.5 చదరపు మీటర్లు. 2020 డిసెంబరు 25న మొదలైన "నవరత్నాలు – పేదలందరికీ ఇళ్ళు" పథకంలో పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర ఇచ్చారు. ముప్ఫై లక్షల పైచిలుకు పట్టాలు. ఇల్లు 340 చదరపు అడుగులు, దానికిచ్చే సాయం లక్షా ఎనభై వేలు. సెంటు 435 చదరపు అడుగులు కాబట్టి ఇల్లు పోను మిగిలేది సుమారు 95. ఇప్పుడు రెండొందల చదరపు మీటర్లవాడి నియమాన్నే ఈ సెంటుకి పెట్టి చూడండి. ఇరవై అడుగుల వెడల్పు, ఇరవై రెండడుగుల లోతు అనుకుంటే, ముందు ఒకటిన్నర మీటరు, మూడు వైపులా మీటరు వదిలితే లోపల మిగిలేది పదమూడున్నర అడుగులకి పదమూడు ముప్పావు. 185 చదరపు అడుగులు. ఇల్లే ఉండదు. కాబట్టి పేదవాడికి మినహాయింపు ఇచ్చాం అంటారు.

ఈ మినహాయింపు మాట దగ్గర నేను ఆగిపోతాను. గాలీ వెలుతురూ ఒంటికి కావాలి కాబట్టి సెట్‌బ్యాక్ అన్నాం. ఒళ్ళు అందరికీ ఒకటే సైజు. మరి స్థలం చిన్నదయ్యే కొద్దీ అవసరం ఎలా తగ్గింది? అవసరం తగ్గలేదు, అడిగే హక్కు తగ్గింది. డిజైన్ ప్రమాణాల గురించి మాట్లాడేటప్పుడు కిటికీలు, పైకప్పులు, ముందు వరండాల దగ్గర మొదలుపెడతాం. అసలు డిజైన్ అంతకు చాలా ముందే, రెవెన్యూ ఆఫీసులో మనిషికి సెంటు అని రాసిన రోజే అయిపోయింది. తర్వాత వచ్చే ఏ ఆర్కిటెక్టుకైనా మిగిలేది తలుపు రంగు.

2021 అక్టోబరులో ఇదే ప్రశ్న హైకోర్టు దాకా వెళ్ళింది. సెంటు, సెంటున్నరలో మనిషి ఆరోగ్యంగా, మర్యాదగా బతకలేడన్న వాదనని సింగిల్ జడ్జి అంగీకరించి, నిపుణులతో అధ్యయనం చేయించేదాకా నిర్మాణం ఆపమన్నారు. కొద్ది వారాల్లో డివిజన్ బెంచ్ ఆ తీర్పుని పక్కన పెట్టింది. పనులు మళ్ళీ మొదలయ్యాయి. ఆ మధ్య రోజుల్లో వచ్చిన రెండు రకాల వాదనలూ నాకు సగం సగం నిజంగా అనిపించాయి. సెంటు చాలదు, నిజమే. కానీ చాలదని ఆపేస్తే, అద్దె కొంపలో పదడుగుల గదిలో ఉన్న మనిషికి మనం ఇస్తున్నది ఏమిటి? ప్రమాణం. ప్రమాణం కింద తలదాచుకోలేం కదా. కనీస ప్రమాణాన్ని పైకి జరిపిన ప్రతిసారీ కొందరికి మంచి ఇల్లు వస్తుంది, కొందరికి అసలు ఇల్లే రాదు. రెండోవాళ్ళు మన కంటికి కనిపించరు, లేని ఇంటికి ఫోటో ఉండదు కాబట్టి.

అలాగని సెంటు విధి కాదు. లక్ష కుటుంబాలకి ఒక్కో సెంటు ఎక్కువివ్వాలంటే వెయ్యి ఎకరాలు, దారులు అదనం. మెట్ట నేల విస్తారంగా ఉన్న మా వైపు వెయ్యి ఎకరాలు దొరకని వస్తువేం కాదు. దొరకనిది ఊరికి దగ్గరి వెయ్యి ఎకరాలు. ఊరికి దూరంగా మూడు సెంట్లా, దగ్గర్లో ఒకటా? ఆటో చార్జీ పెట్టుకుని కూలికి వెళ్ళే ఆమెని అడిగితే ఆమె చెప్పే జవాబు, పేపర్లలో వ్యాసాలు రాసేవాళ్ళ జవాబు ఒకటి కాకపోవచ్చు. 2024లో గెలిచిన కూటమి పట్టణాల్లో రెండు, పల్లెల్లో మూడు సెంట్లు అంది. సంఖ్య పెరగడం మంచిదే. ఎంత దూరంలో అన్న ప్రశ్న మాత్రం సెంట్లలో ఇమడదు.

కాలనీ అన్న మాట కూడా చూడండి. కర్నూలు సి.క్యాంపు వైపు నిలబడి "మా కాలనీ" అంటే గేటు, పార్కు, సంక్షేమ సంఘం. అదే ఒక పల్లెలో "కాలనీవాళ్ళు" అంటే ఎవరో విన్నవాడికి తెలుసు. ప్రభుత్వం కట్టించిన ఇళ్ళ వరస కులం పేరయింది. పక్క రాష్ట్రం తమిళనాడులో 2025లో ప్రభుత్వ రికార్డుల నుంచి ఈ మాట తీసేస్తామని ముఖ్యమంత్రి శాసనసభలోనే ప్రకటించాల్సి వచ్చింది. ఒకేలాంటి పెట్టెలు వంద వరసగా, ఊరికి ఒక పక్కన కట్టినప్పుడు, దూరం నుంచి చూసినవాడికి ఇంట్లో మనిషి కన్నా ముందు పథకం కనిపిస్తుంది. కాబట్టి ఇల్లు ఎలా కనిపిస్తుంది అనేది పైపూత సంగతి కాదు. పేదవాడికి అందమెందుకు అనేవాళ్ళకి నేను చెప్పేది ఇంతే, గుర్తుపట్టేలా కట్టడం కూడా ఒక రకం ముద్ర వేయడమే.

ఈ మాట అనగానే మనలాంటి చదువుకున్నవాళ్ళు వెంటనే మిద్దె ఇంటి దగ్గరికి పరిగెడతారు. దూలాలు, దంతెలు, వాటి మీద బండలు, పైన మందంగా చవుడు మన్ను. రెండడుగుల గోడ. నడినెత్తిన గవాక్షం. ఎర్రగుంట్ల, బేతంచెర్ల నాపరాళ్ళు చేతికందే దూరంలో ఉన్నాయి, మే నెలలో లోపల అడుగు పెడితే చల్లగా ఉంటుంది, ఇలాగే ఎందుకు కట్టకూడదు? నేనూ ఈ మాట ఒక బేల్దారి దగ్గర అన్నాను. ఆయన పని ఆపకుండానే, "నువ్వు ఎక్కుతావా సామీ ఏటా చవుడెయ్యను? వాన పడితే యాడ కారుతాదో ఎత్తుకులాడి గిన్నెలు పెట్టుకుంటావా?" అన్నాడు. మిద్దె మీద ఏటా మన్ను పొయ్యాలి, తేళ్ళతో కాపురం చెయ్యాలి, ముసురు పట్టిన రాత్రి పైకి చూస్తూ పడుకోవాలి. పైగా ఊళ్ళో అందరికీ మిద్దెలు లేవు. బోద కొట్టాల్లో ఉన్నవాళ్ళకి మిద్దె పక్కవాడి దర్జా. వాళ్ళ మనవడు ఇప్పుడు స్లాబు అడుగుతున్నాడంటే ఎండ తెలియక కాదు.

ఈజిప్టులో హసన్ ఫతీకి ఇదే అయింది. లక్సార్ దగ్గర గూర్నా ఊరివాళ్ళ కోసం 1940లలో ఆయన మట్టి ఇటుకలతో, గుమ్మటాల కప్పులతో కొత్త ఊరు కట్టడం మొదలుపెట్టాడు. చల్లటి ఇళ్ళు, చవకైన ఇళ్ళు, ప్రపంచం మెచ్చిన ఇళ్ళు. ఊరివాళ్ళు రాలేదు. బతుకుతెరువు పాత ఊళ్ళో ఉంది, పైగా ఆ వైపు గుమ్మటమంటే సమాధి. మంచి డిజైన్ కూడా అడగకుండా ఇస్తే ఆజ్ఞే.

అయినా ఎండ సంగతి తేలలేదు. నాలుగైదు అంగుళాల కాంక్రీటు స్లాబు పగలంతా తాగిన వేడిని రాత్రి పన్నెండింటికి నెమ్మదిగా మంచం మీద పోస్తుంది. 340 చదరపు అడుగుల ఇంట్లో ఆ వేడికి పక్క గది లేదు. ప్రమాణాలు లేక కాదు ఇదంతా. పొడి ఎండల ప్రాంతంలో కిటికీల విస్తీర్ణం నేలలో పదో వంతు, ఉక్కపోత ప్రాంతంలో ఆరో వంతు ఉండాలని జాతీయ భవన నియమావళి ఎప్పుడో చెప్పింది. 2018లో కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహిత పైకప్పు నుంచి ఎంత వేడి దిగొచ్చో కూడా అంకె వేసింది. కోస్తాకీ సీమకీ ఇల్లు ఒకటి కాదని మనకి పుస్తకంలో తెలుసు. పథకంలో మాత్రం ఒకటే ప్లాను.

మెట్ల గురించి ఒక మాట చెప్పి తీరాలి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూల్లోకి వచ్చినప్పుడు జనం మిద్దెలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. 2001లో కడపలో బుగ్గవంక పొంగింది. కరువు సీమ అనుకునే చోట వరద ఇలా వస్తుంది, చెప్పకుండా, రాత్రికి రాత్రి. అటువంటి ఊళ్ళో పైకి ఎక్కడానికి మెట్లు అనేవి సౌకర్యం కింద రాయాలా, ప్రాణం కింద రాయాలా? లక్షా ఎనభై వేలు చాలక అప్పు తెచ్చుకునే మనిషి ఖర్చు తగ్గించాలనుకుంటే మొదట వాయిదా పడేవాటిల్లో మెట్లొకటి.

నా వృత్తిలో మినిమం అన్న మాటకి ఒక జబ్బుంది. కనీసం ఇంత అని రాస్తే అది అందరి చేతుల్లో గరిష్ఠం అయిపోతుంది, అంతకు మించి ఎవడూ చెయ్యడు. ఇళ్ళ విషయంలో దీన్ని దాటడానికి బ్రిటన్‌లో ఒక ప్రయత్నం జరిగింది. పార్కర్ మోరిస్ కమిటీ 1961లో ఇచ్చిన నివేదిక గదికి ఇన్ని అడుగులు అని మొదలుపెట్టలేదు. ఇంట్లో మనుషులు ఏం చేస్తారు, పిల్లవాడు ఎక్కడ చదువుకుంటాడు, మంచం, బల్ల, బీరువా పెట్టాక నడవడానికి ఎంత మిగులుతుంది అని అడిగి, అక్కణ్ణుంచి లెక్కకి వెళ్ళింది. ఆ దశాబ్దం చివరికి ప్రభుత్వ ఇళ్ళకి అది తప్పనిసరి అయింది. 1980లో ఖర్చు పేరుతో ఎత్తేశారు. కానీ ఆ ప్రశ్న అడిగే పద్ధతి పాతబడలేదు. సెంటు ఇంట్లో అదే అడిగితే? ఉల్లిగడ్డల బస్తా ఎక్కడ పెడతారు? రెండు మేకలు ఎక్కడ? కుట్టుమిషను ఏ కిటికీ దగ్గర? ముసలాయన మంచం రాత్రి ఎక్కడికి జరుపుతారు? బయటికే. మా వైపు సంవత్సరంలో సగం రాత్రులు ఇల్లంటే బయట వేసుకున్న మంచమే. అంటే ఇంటి ముందున్న ఆ తొంభై చదరపు అడుగులే అసలు పడకగది, దాన్ని ఏ ప్లానూ గదిగా లెక్కపెట్టదు.

సీమ ఎండకి ఇల్లు చుట్టూ ఖాళీ కన్నా మధ్యలో ఖాళీ నయమని పాత తొట్టికట్టు ఇళ్ళు కట్టినవాళ్ళకి తెలుసు. సెంటు స్థలాల్లో ఒక్కో ఇంటికి విడిగా తొట్టి రాదు, కానీ పది ఇళ్ళు గోడలు పంచుకుని వరసగా నిలబడితే, ఒక్కొక్కరు పక్కన వదిలే అడుగూ అడుగున్నరా కలిపితే, మధ్యలో ఒక వేపచెట్టు పట్టే వాకిలి వస్తుంది. ఒక గోడ మిగులుతుంది, ఎండ తగిలే ముఖాలు తగ్గుతాయి. నాకు ఇది మెరుగ్గా తోస్తుంది. దీనికి అడ్డం లెక్క కాదు. పంచుకున్న గోడ అంటే పంచుకున్న తగాదా అని ప్రతివాళ్ళకీ తెలుసు. ఆ వేపచెట్టు కింద ఎవరు ఎవరి పక్కన మంచం వేస్తారన్నది అంతకన్నా గట్టి అడ్డం. పాత ఊళ్ళలో వీధి అరుగు ఇంటివాడు వీధికి వదిలిన జాగా అని మురిసిపోతాం. ఆ అరుగు మీద అందరూ కూర్చోలేదు. కొందరు దాని ముందు చెప్పులు చేతిలో పట్టుకుని నడిచారు.

జగనన్న కాలనీల్లో జనం చేరిన చోట ఇప్పటికే ఇంటి ముందు రేకులు దిగాయి. ముందు వదలాల్సిన ఒకటిన్నర మీటరు వంటిల్లయింది. అక్కడక్కడా మోరీ మీద అడ్డంగా ఒక నాపబండ పరిచి ఉంటుంది, సాయంత్రం ఎండ తగ్గాక ఆడవాళ్ళు దాని మీద కూర్చుని ఉంటారు. నియమం ప్రకారం ఆ బండ ఆక్రమణ.